పెండ్లిపత్రికలా చేసిన వెబ్‌సైట్

మొన్న నాగర్‌కర్నూల్‌లో మా చెల్లెలి ఇంటికి పోయినప్పుడు, డిగ్రీ చదివే ఆమె కూతురు తాను మొట్టమొదటిసారి చేసిన వెబ్‌సైట్‌ను ముక్కూ మొహం తెలియని వాళ్లున్న ఏదో ఫోన్ గ్రూపులో పెట్టి, తప్పులుంటే చెప్పండని అడిగింది. నేను టీ తాగే లోపల పదిమంది పది లోపాలు పట్టారు. అక్షరాలు చిన్నగా ఉన్నాయని ఒకరు, రంగులు కళ్లకు కొడుతున్నాయని ఒకరు, ఎక్కడ నొక్కాలో తెలియడం లేదని ఇంకొకరు. ఆ పిల్ల చిన్నబుచ్చుకోకపోగా అందరికీ థాంక్స్ చెప్పి, అక్కడే కూర్చుని దిద్దుకోవడం మొదలుపెట్టింది. నాకు మాత్రం నేను చేసిన మొదటి వెబ్‌సైట్ గుర్తొచ్చింది, దాంతోపాటే గద్వాలలోని మా అత్త గుర్తొచ్చింది.

పన్నెండేళ్ల కిందటి మాట ఇది. వనపర్తిలో ఒక ప్రెస్సులో కంప్యూటర్ ముందు కూర్చుని పెండ్లిపత్రికలు కూర్చడమే అప్పటికి ఇరవయ్యేళ్లుగా నా పని. మన తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు, పత్రిక అంటే పైన దేవుడు, ఆ కింద స్వర్గస్థులైన పెద్దలు, ఆ తర్వాత బతికున్న పెద్దలు వరుస ప్రకారం ఉండాలి, ఆ వరుసలో ఒక్క పేరు కిందికి జరిగినా పెండ్లి పందిట్లో అలకలు తప్పవు. అచ్చుకు ముందు ప్రూఫ్ చూడ్డానికి వచ్చిన ఇంటి పెద్ద ముహూర్తం సంగతి తర్వాత, ముందు తన పేరెక్కడుందో వెతుక్కునేవాడు. రానురాను పత్రికల పని తగ్గుతుందేమోనన్న భయంతో నలభై దాటిన వయసులో సాయంత్రాలు పోయి వెబ్‌సైట్లు చేయడం నేర్చుకున్నాను, రెండు నెలలకే విద్యంతా వచ్చేసిందనుకున్నాను, పొగరంటే పొగరే.

గద్వాలలో మా మేనమామది ఒకే మగ్గం ఉన్న ఇల్లు. మామ నూలు చీరలకు పట్టు అంచు కలిపి నేసేవాడు, అత్త దారం కండెలకు చుట్టి అందించేది. ఏళ్ల తరబడి వాళ్ల చీరలు తీసుకున్న దుకాణం ఆ ఏడు వద్దనేసరికి, దసరా దాకా చూస్తాననీ, కొనేవాళ్లెవరైనా నేరుగా అడిగితే సరేననీ, లేకపోతే మగ్గం విప్పేసి రాయచూరులో ఒక బియ్యం దుకాణానికి కాపలా పోతాననీ మామ తేల్చి చెప్పాడు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆ మగ్గం చప్పుడు వింటూ నిద్రపోయినదాన్ని, నాకు ప్రాణం ఉసూరుమంది. నేనున్నాను కదా, వెబ్‌సైట్ చేస్తాను, దేశమంతా చూస్తుంది, ఫోన్లు నువ్వే ఎత్తలేకపోతావని మాటిచ్చాను.

చేశాను కూడా, నాకు తెలిసినట్టే చేశాను. పైన జోగులాంబ అమ్మవారు, ఆ కింద దండ వేసిన తాత ఫోటో, ఆపై మామ అన్నదమ్ములు, వదినలు, మేనత్తలు, అల్లుళ్లు, అందరి పేర్లూ బంగారు రంగు అక్షరాల్లో, వరుస తప్పకుండా, చుట్టూ పూల అంచుతో. అవన్నీ అయ్యాక చివరన చీరలు, దిష్టి తగలకుండా మడతల మీదే తీసిన చిన్న చిన్న ఫోటోలు. అంతటితో ఆగానా, ఆ పేజీలన్నిటినీ కాగితాల మీద ప్రింటు తీసి, గద్వాలలో, వీపనగండ్లలో, మానవపాడులో ఉన్న చుట్టాలందరికీ ప్రూఫ్ పంపించాను. నాకు తెలిసి అభిప్రాయం అడగడమంటే అదే. తన పేరు తమ్ముడి పేరు కిందికి పోయిందని పెదమామ రెండు రోజులు మాట్లాడలేదు, చిన్నల్లుడి పేరు ముందు శ్రీ లేదని ఒకరు కబురు చేశారు. అవన్నీ దిద్దాక అందరూ మహా బాగుందన్నారు, నేను పొంగిపోయాను.

తప్పు చెప్పింది అత్త ఒక్కతే. అత్తకు చదువు రాదు. ఆ కాగితాలను గచ్చు మీద వరుసగా పరిచి, నింపాదిగా అన్నీ చూసి, "చీర యాడుందే? ఇది చూసినోళ్లు మన ఇంట్ల ఎవరిదో పెండ్లి అనుకుంటరు," అంది. ఊరుకోకుండా ఇంకో మాట కూడా అంది. "నూలు, పట్టు కలిసే కాడ జర దగ్గర నుంచి చూపియ్యి బిడ్డా. కొనేటోళ్లు వేలు పెట్టి చూసేది గాడనే."

అందరూ మెచ్చుకున్న పని, చదువురాని మనిషి వంక పెట్టేసరికి నాకు ఒళ్లు మండింది. "నీకేం తెల్వదు, ఊకో అత్తా," అన్నాను, అదీ చుట్టాల ముందు. అత్త కాగితాలు ఏరి, అంచులు సరిచేసి నా చేతిలో పెట్టి, వంటింట్లోకి పోయింది.

దసరా వచ్చింది. అప్పటిదాకా ఫోన్ చేసింది చుట్టాలే, తమ పేరు చూసుకున్నామని చెప్పడానికి. పండగైన మూడో రోజు మామ మగ్గం విప్పాడు. మగ్గం గుంట పూడ్చి పైన బండలు పరిచి, ఆయన రాయచూరు బస్సెక్కాడు. నేనేమో కొనేవాళ్లకు అభిరుచి లేదని లోకాన్ని తిట్టుకుని మనసు సమాధానపరచుకున్నాను.

ఆ తర్వాత ఆరు నెలలకు నేనొక మంచి ఫోన్ కొనుక్కున్నాను. నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తి వస్తూ, బస్సులో పొద్దుపోక ఆ వెబ్‌సైట్ తెరిచాను. అంతవరకు దాన్ని నేను ప్రెస్సులోని పెద్ద కంప్యూటర్ మీదనో, కాగితం మీదనో చూసినదాన్నే. బొటనవేలితో జరుపుతుంటే అమ్మవారు పోయింది, తాత పోయాడు, మామలు పోయారు, అల్లుళ్లు పోయారు, బస్సు ఒక ఊరు దాటింది, చీర రాలేదు. అత్త చెప్పింది అక్షరాలా నిజం. సిగ్గుతో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ వారమే గద్వాల పోయి, అత్త తన కోసం దాచుకున్న చీరను అడిగి తీసుకుని, నూలుతో పట్టు అంచు కలిసిన చోటు దారం దారం కనబడేలా ఫోటో తీశాను. పేర్లన్నీ తీసేసి, ఆ ఒక్క ఫోటో పైన పెట్టి, దాని కింద అత్త వాళ్ల ఇంటి ఫోన్ నంబరు వేశాను. ఎందుకు వేశానో నాకే తెలియదు, దిద్దుకోకుండా ఉండలేకపోయాను. పది రోజులైనా కాకముందే అత్త ఫోన్ చేసింది. "ఎవరో ఆమె అడిగింది బిడ్డా, గసుంటి చీర కావాలంట. అంచు మంచిగ కనబడుతుందన్నది. మేం ఇప్పుడు నేస్తలేమని చెప్పిన." అంతే. ఆమె గొంతులో నిష్ఠూరం ఉంటుందేమోనని ఎంత వెతికినా దొరకలేదు.

ఇప్పుడు కాలం మారింది. లోపం చెప్పమని అడిగే పిల్లలున్నారు, చెప్పేవాళ్లున్నారు, ఎవరూ ఎవరి మీదా అలగరు. మన రోజుల్లో మనల్ని దిద్దేవాళ్లు ఇంటికొకరుంటే గొప్ప, ఆ ఒక్కరి నోరు నేనే మూయించాను. ఆ తర్వాత నేను చాలా వెబ్‌సైట్లు చేశాను, గద్వాల పోయినప్పుడల్లా అత్త పక్కన కూర్చుని, ఇందులో తప్పేముందో చెప్పమని బతిమాలి మరీ చూపిస్తాను. అత్త కళ్లద్దాలు పెట్టుకుని చివరిదాకా చూస్తుంది. ఒక్కోచోట ఆమె వేలు ఆగుతుంది, ఏదో కనిపించిందని నాకు తెలుస్తూనే ఉంటుంది. "బాగున్నది బిడ్డా," అని ఫోన్ నా చేతికిస్తుంది.