ఒక చాయ్, రెండు గ్లాసులు

మట్టెవాడలో షేర్వాణీలు కుట్టే రయీస్, కంప్యూటర్ గేములో రాజును కూడా కోటు చూసే ఎంచుకుంటాడు. రాజ్యాలు కట్టే ఆ గేములో యూరప్ నాయకులంతా తెర మీద వరసగా కనబడితే, అతని చెయ్యి నెపోలియన్ దగ్గరే ఆగుతుంది. ఆ కాలరు కుట్టినవాడెవడో గానీ, వాడికి మనసులోనే సలాం పెడతాడు. పక్కనే ఇంటర్నెట్ సెంటర్ నడిపే సదానందం మాత్రం సైన్యం బలం చూసి జర్మన్ చక్రవర్తిని తీసుకుంటాడు.

శుక్రవారం నమాజ్ అయ్యాక సదానందం సెంటర్‌లోనే వాళ్ల ఆట. దానికొక కట్టుబాటుంది. మొదలుపెట్టే ముందు ఒక చాయ్‌ని రెండు గ్లాసుల్లో పంచుకుంటారు. పంచుకున్నాక ఆ రోజు ఒకరి మీద ఒకరు దాడి చెయ్యకూడదు. ఏళ్లుగా అదే మాట.

మొన్న సదానందం రెండు ఫుల్ చాయ్‌లు తెప్పించాడు. దోస్తుకు ఇవాళ చెయ్యి పెద్దదైందని రయీస్ మురిసిపోయాడు, పిచ్చి మనిషి. ఎప్పటిలాగే సరిహద్దు సైన్యాన్నంతా అవతలి దిక్కుకు పంపేశాడు. కాసేపటికే జర్మన్ గుర్రాలు పారిస్‌లో దిగాయి.

రయీస్ కుర్చీలోంచి లేచాడు. "ఇదేందిరా సదానందం?"

"ఇయ్యాల చాయ్ పంచుకోలే గద భాయ్. ఎవలది వాళ్లమే తాగినం." సదానందం పగలబడి నవ్వాడు. "గేమే గద, గింత ఫికరెందుకు?"

మర్నాడు పొద్దున ఏమీ జరగనట్టే వచ్చి, "భాయ్, ఒక చాయ్ రెండు గ్లాసులల్ల చెప్పాల్నా?" అని అడిగాడు.

రయీస్ మిషన్ మీంచి తలెత్తలేదు.

"నాకు ఫుల్ చాయ్ చెప్పుండ్రి, సదానందం గారూ."