పెద్దన్న పొడుగు

పొదిలి నుంచి మార్కాపురం పోయే రోడ్డుకు రెండు మైళ్లు లోపలికి ఒక పల్లె ఉంది. ఆ పల్లెలో పెద్దన్నకు నలభై అయిదు గొర్రెలుండేవి. పన్నెండో ఏట తండ్రి వెనక మందలో నడవడం మొదలుపెట్టి, అరవై ఆరో ఏటి దాకా నడుస్తూనే ఉన్నాడు. ఎండాకాలం ఊళ్లో గడ్డిపరక దొరకదు. అప్పుడు యర్రగొండపాలెం దాటి నల్లమల అంచుకు మందను తోలుకుపోయి, తొలకరి పడ్డాక తిరిగొచ్చేవాడు. మాట తక్కువ మనిషి. కోపం కూడా తక్కువే.

నలభై అయిదేళ్లప్పుడు మెడ పట్టేసింది. తర్వాత నడుము, ఆ తర్వాత మోచేతులు. ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని ఎవరో వచ్చి ట్యాంకు మీద ఎర్ర అక్షరాలతో రాసిపోయారు. వేరే నీళ్లు లేవు గనుక ఊరంతా ఆ నీళ్లే తాగింది. సగం మందికి అంతో ఇంతో వంగిన నడుములే కాబట్టి దాన్నెవరూ జబ్బుగా లెక్కపెట్టలేదు. ఇరవై ఏళ్లు గడిచేసరికి పెద్దన్న బాగా వంగిపోయాడు. పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి. ఎదుటివాడి మొహం చూడాలంటే ఎక్కడైనా కూర్చోవాలి.

ఆయాసాన్ని ముందు కనిపెట్టింది భార్య ఎల్లమ్మ. అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలో పెట్టుకుని ఆగుతున్నాడు. దొడ్డి నుంచి ఇంటికొచ్చేలోపు రెండు చోట్ల నిలబడుతున్నాడు. కొడుకు గోవర్ధన్ మార్కాపురంలో పలకల లోడ్లు తోలే లారీ డ్రైవరు. ఎల్లమ్మ పోరగా పోరగా ఒకరోజు సెలవు పెట్టి, ఇద్దరినీ మార్కాపురంలో ఒక పరీక్షల సెంటరుకు తీసుకుపోయాడు.

అక్కడి కుర్రాడు పెద్దన్నను గోడకు ఆనించి నిలబెట్టి, తల మీద చెక్క పెట్టి, నూట నలభై ఏడు సెంటీమీటర్లని రాసుకున్నాడు.

ఎల్లమ్మ పక్కనే ఉంది. "ఆయన ఇంత పొట్టి కాదు నాయనా. ఊళ్లో అందరికంటే పొడుగు. రానురాను వంగిపోయినాడు" అంది.

"ఇప్పుడెంతుంటే అంతే రాయాలమ్మా" అన్నాడు కుర్రాడు. నవ్వుతూనే అన్నాడు.

ముక్కుకు క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెట్టి ఊదమన్నాడు. పెద్దన్న ఊదాడు. ఇంకా, ఇంకా అని కుర్రాడు అరుస్తుంటే మొహం నల్లబడేదాకా ఊదాడు. మూడుసార్లు ఊదాక మెషిన్ కాగితం ఇచ్చింది. ఆ వయసుకు, ఆ పొడుగుకు ఉండాల్సిన ఊపిరిలో ఎనభై అయిదు శాతం ఉందని రాసి ఉంది. కింద ఇంగ్లీషులో నార్మల్ అని ఉంది.

"ఊపిరితిత్తులు బాగున్నాయి. వయసు గదా, కొంచెం ఆయాసం ఉంటాది" అన్నాడు కుర్రాడు. సెంటరుకు వచ్చే డాక్టరు కాగితాన్ని ఒకసారి చూసి బలం మాత్రలు రాశాడు. పెద్దన్నను చూడలేదు.

ఆ కాగితం ఏడాది పాటు ఇంట్లో పెత్తనం చేసింది.

నాయన మందతో పోలేనంటున్నాడని ఎల్లమ్మ ఫోను చేస్తే గోవర్ధన్ విసుక్కునేవాడు. "బాగుందని రాసినారు గదమ్మా. నడుస్తుంటేనే మనిషి బాగుంటాడు. కూర్చోబెడితే ఇంకా పాడైపోతాడు." అతను చెడ్డ కొడుకు కాదు. చదువుకున్నవాళ్లు మెషిన్ పెట్టి చూసి చెప్పిన మాట నమ్మాడు.

పెద్దన్న కూడా నమ్మాడు. అదే అన్నింటికంటే చెడ్డదైంది. ఊపిరి ఆడనప్పుడల్లా అది తన బద్ధకమే అనుకోవడం మొదలుపెట్టాడు. ఆయాసం వస్తే ఎవరూ చూడకుండా గట్టు చాటుకు పోయి కూర్చునేవాడు. అట్లా కూర్చున్నప్పుడే ఒకరోజు మంద పోయి ఊళ్లోని సుబ్బయ్య కంది చేలో పడింది.

"ఏంది మామా, చేనంతా మేస్తుంటే కూర్చొని చూస్తున్నావా?" అన్నాడు సుబ్బయ్య.

"ఒళ్లు వంగడం లేదు సుబ్బయ్యా. సోమరితనం పట్టుకుంది నాకు" అన్నాడు పెద్దన్న. ఊపిరి చాలడం లేదని మాత్రం చెప్పలేదు. బాగున్న ఊపిరిని బాగాలేదని చెప్పడం ఆయనకు అబద్ధంలా తోచింది.

మరుసటి ఏడు కార్తీకంలో ఆయన మంద దగ్గరే పడిపోయాడు. ఎల్లమ్మ పోయేసరికి పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. పొదిలి ఆసుపత్రిలో వేలికి క్లిప్పు పెట్టి చూసినవాళ్లు వెంటనే ఒంగోలు పొమ్మన్నారు. గోవర్ధన్ లారీని దారిలోనే ఇంకొకరికి అప్పజెప్పి వచ్చాడు.

ఒంగోలులో ప్రియదర్శిని అనే ఊపిరితిత్తుల డాక్టరు చూసింది. నాలుగు రోజులు ఆక్సిజన్ పెట్టి, కాస్త తేరుకున్నాక మళ్లీ ఊదించింది. పాత కాగితం అడిగి తీసుకుని, అందులో పొడుగు రాసిన చోట వేలు పెట్టి ఆగింది.

"ఈయన మొదటి నుంచి ఇంతే పొడుగా?" అని అడిగింది.

"కాదు తల్లీ. ఆ పొద్దే చెప్పినా, వాళ్లు రాసుకోలే" అంది ఎల్లమ్మ.

డాక్టరు టేపు తెచ్చింది. మామూలుగా అయితే రెండు చేతులూ బారచాపి కొలిస్తే మనిషి అసలు పొడుగు దాదాపు తెలుస్తుందని చెప్పింది. పెద్దన్న మోచేతులు చాపడానికి రావు. అందుకని మెడ కింది గుంట నుంచి భుజానికి, అక్కడి నుంచి మోచేతికి, మణికట్టుకు, వేలి కొసకు ముక్కముక్కగా కొలిచి, కూడి, రెట్టింపు చేసింది. నూట డెబ్బై ఆరు వచ్చింది. అంటే ఐదడుగుల తొమ్మిది అంగుళాలు.

"అంతే ఉంటాడు" అంది ఎల్లమ్మ.

డాక్టరు గోవర్ధన్ వైపు తిరిగింది. "మనిషి ఎంత గాలి ఊదాడన్నదే మెషిన్ కొలుస్తుంది. అది చాలా, చాలదా అని చెప్పాలంటే వయసు, పొడుగు మనమే ఇవ్వాలి. మీ నాన్నను పొట్టివాడని ఇచ్చారు. పొట్టివాడికి ఆ ఊపిరి చాలు, అందుకే నార్మల్ అని వచ్చింది. ఈ పొడుగు మనిషికి అది సగం కంటే కొంచెమే ఎక్కువ. ఇప్పుడు సగం కూడా లేదు. పక్కటెముకలు, వెన్నెముక బిగుసుకుపోయాయి. ఛాతీ తెరుచుకోవడం లేదు."

"ఏడాది ముందే తెలిసుంటే?" అని అడిగాడు గోవర్ధన్.

"ఎముకలను వెనక్కి తేలేం. కానీ విశ్రాంతి ఇచ్చేవాళ్లం. నిమోనియా రాకుండా టీకా వేసేవాళ్లం. రాత్రిళ్లు ఊపిరికి మెషిన్ పెట్టేవాళ్లం. గుండె మీద ఇంత భారం పడేది కాదు."

మంచం మీద పక్కకు ఒరిగి ఉన్న పెద్దన్న ఇదంతా విన్నాడు. "అంటే నాకు నిజంగానే ఊపిరి ఆడలేదా అమ్మా?" అని అడిగాడు.

"నిజంగానే ఆడలేదు పెద్దాయనా. మీరు అంత దూరం ఎట్లా నడిచారో నాకు తెలియడం లేదు."

ఆయన కళ్లు మూసుకున్నాడు.

ఆక్సిజన్ మెషిన్‌తో ఇంటికి తీసుకొచ్చారు. కరెంటు పోతే ఎల్లమ్మ విసనకర్ర తీసుకుని కూర్చునేది. విసిరితే ఊపిరి రాదని ఆమెకూ తెలుసు. గోవర్ధన్ లారీ మాని ఇంటి పట్టునే ఉన్నాడు. రోజూ తండ్రికి స్నానం చేయించేవాడు. ఒకనాటి మధ్యాహ్నం ఒళ్లు తుడుస్తూ, "నాయనా, నేను నిన్ను నమ్మలే" అన్నాడు.

"నన్ను నేనే నమ్మలే గదరా" అన్నాడు పెద్దన్న.

మాఘమాసంలో జ్వరం తగిలింది. దగ్గు కూడా బయటికి రాలేదు, ఛాతీలో అంత చోటు లేదు. మళ్లీ ఒంగోలు పోదామంటే వద్దని చేయి అడ్డంగా ఊపాడు. నాలుగో రోజు పొద్దున ఎల్లమ్మ చెంచాతో గంజి పోస్తుంటే మొదటి గుక్క మింగాడు. రెండోది పెదాల పక్క నుంచి కారిపోయింది. ఆమె కొంగుతో మూతి తుడిచి, చెంచా గిన్నెలో పెట్టి, కొడుకును పిలిచింది.