రెండు రకాల కాళ్ల కుర్చీ

"వెంటనే తిరిగిచ్చెయ్. ఈ బొమ్మలో కుర్చీకి ఒక కాలికే చెక్కడం గీసి, ఇంకో కాలు వదిలేశారు. డబ్బు దండగ!" అన్నాను.

"అయ్యో అమ్మమ్మా, డిజైనే అంత! పాతకాలం ఇంగ్లండ్‌లో ఒకే కుర్చీ బొమ్మలో రెండు మోడల్స్ గీసేవాళ్లు. కస్టమర్ ఒకటి పిక్ చేసుకోవాలి," అంది మనవరాలు, మ్యూజియంలో కొన్న బొమ్మను అమెరికాలోని మా షాంటిలీ ఇంటి గోడకు ఆనించి.

నా చిన్నప్పుడు పాస్టరుగారు మిషను బంగళాలో దొరికిన ఇలాంటి బొమ్మే మా నాన్నకిచ్చి, చర్చికి కుర్చీ చేయమన్నారు. నాన్న వడ్రంగి. బొమ్మలో ఉన్నట్టే చేశాడు. ఎడమ కాలికి సింహం పంజా, కుడి కాలు సాదా. వాకిలంతా టేకు పొట్టు వాసన.

"పాస్టరుగారు వద్దంటే ఇంత టేకూ ఏం చేస్తావయ్యా?" అని అమ్మ కేకలేసింది.

"దొరల బొమ్మలో ఎట్టా ఉంటే అట్టా చేశానే!" అన్నాడు నాన్న.

నేను దొరల బూట్లే చూశాను గానీ కాళ్లెప్పుడూ చూడలేదు. లోపల వాళ్ల కాళ్లూ ఒక్కోటి ఒక్కో రకంగా ఉంటాయి కాబోలనుకుని, నాన్నదే సబబని తేల్చేశాను. అది ఎంచుకోమని గీసిన బొమ్మ అని తెలియడానికి అమెరికా రావాల్సి వచ్చింది.

అమ్మ కేకలేసిన మర్నాడు ఆదివారం. పాస్టరుగారు మా ఇంటికొచ్చి, కుర్చీ చుట్టూ తిరిగి, కూర్చుని, అటూ ఇటూ ఊగి చూశారు. కిర్రుమనలేదు. నవ్వుతూ చర్చికి మోయించి, పంజా కాలు ఆడవాళ్ల వైపు వచ్చేలా వేయించారు. ఎప్పుడూ వెనక కూర్చునే మా అమ్మ ఆ పూట ముందు వరసలో, ఆ పంజాకి ఎదురుగా చాప పరుచుకుంది.