పత్తి యార్డులో దిగిన హెలికాప్టర్

ఎల్లక్క ఆ మార్కెట్ యార్డును ఊడవబట్టి ఇరవై రెండేళ్లు. గాలి ఏ వైపు నుంచి వీస్తే పత్తి పింజ ఏ మూల పోయి దాక్కుంటుందో ఆమెకు తెలిసినంతగా ఆ యార్డు కట్టినవాళ్లకు కూడా తెలియదు.

అక్టోబరు వానలకు వాగు పొంగి ఊరికి రెండు వైపులా రోడ్డు తెగిపోయింది. పక్కవాడ రేవతికి పురుడు కష్టమైంది, బిడ్డ ఇంకా బయటపడలేదు, నెత్తురు ఆగడం లేదు. ఆమెను కరీంనగర్ చేర్చడానికి పది గంటలకు హెలికాప్టర్ వస్తుందని కబురొచ్చింది. నీళ్లు నిలవని చదును జాగా యార్డు ఒక్కటే.

వానకు ఊళ్లోనే చిక్కుకున్న ఇంజనీరు సిద్ధు పొద్దున్నే యార్డుకొచ్చాడు. లోడు లారీ నడిపించి నేల గట్టిదనం చూశాడు. కరెంటు తీగలు ఎంత దూరమో కొలిచాడు. సున్నంతో పెద్ద వలయం గీయించి, నడుమ ‘హెచ్’ అక్షరం వేయించాడు. పక్క అరుగు మీద మొదటి ఏరుడు పత్తి కుప్పలుంటే, హమాలీలు వాటి మీద పట్టాలు కప్పి రాళ్లు పెట్టారు. గాలి లేచినప్పుడల్లా వాళ్లు చేసే పనే అది.

"దాని కింద గాలి ఎంత ఉంటది సారూ?" అనడిగింది ఎల్లక్క.

"పెద్ద గాలిదుమారమే అక్కా."

"మరి గీ పట్టాలు ఆగుతయా? జిన్నింగు మిల్లు ఫ్యాను గాలికే గోడ దాటినయి. లేసిపోయి దాని రెక్కలకు సుట్టుకుంటే?"

హమాలీల మేస్త్రీ పరశురాములు పకపకా నవ్వాడు. "బస్సెక్కితేనే కక్కుకుంటవ్, హెలికాప్టర్ ముచ్చట నీకెందుకే?"

"హెలికాప్టర్ నాకు తెల్వదురా, పత్తి తెలుసు. అది దిగకుంట మర్లిపోతే రేవతిని నువ్వు మోస్కపోతవా?"

పరశురాములు నవ్వు ఆగిపోయింది. సిద్ధు గడియారం చూశాడు. నలభై నిమిషాలున్నాయి. "పట్టాలు తీసేయండి. పత్తంతా గోదాములోకి!"

ముప్పై మంది బొంతల్లో మూటగట్టి, గంపలకెత్తి మోశారు. వాళ్ల వెనకే ఎల్లక్క అరుగులు ఊడ్చింది, నీళ్లు పోయే మోరీలు గోకింది, కంచె ముళ్లకు చిక్కిన పింజలను వేళ్లతో ఏరింది. ఆఖరున ట్యాంకరుతో నీళ్లు చల్లించి, గోదాము తలుపులు వేయించి, జనాన్ని గోడ అవతలికి తరిమింది.

హెలికాప్టర్ వచ్చింది. యాపచెట్లు వంగిపోయాయి. అందరూ కళ్లు మూసుకున్నా ఎల్లక్క మూసుకోలేదు. ఒక్క పింజ లేవలేదు. రేవతిని ఎక్కించుకుని అది తిరిగి లేచేసరికి యార్డంతా ఈలలే.

"గెలిచినవే ఎల్లక్కా!" అని అందరికన్నా పెద్దగా అరిచింది పరశురాములే.

మధ్యాహ్నం సిద్ధుకు ఫోనొచ్చింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం.

అప్పుడు కూర్చుంది ఎల్లక్క, అరుగు మీద కాళ్లు చాపుకుని. "ఇగ ఎవలన్న జర చాయ తెండ్రి. పొద్దటి సంది గొంతు తడువలే."

పరశురాములే ఉరికాడు.