పనసకాయకు పెట్టిన గాటు

నా చిన్నప్పుడు పనసకాయ అంటే ‘ప’ అక్షరం పక్కన ఉండే బొమ్మ, అంతే. మా ఆళ్ళగడ్డలో దాన్ని కళ్ళారా చూసినవాళ్ళు తక్కువ. మామిడి తెలుసు, నల్లమల నుంచి గంపల్లో దిగే సీతాఫలం తెలుసు, మహానంది అరటి తెలుసు. ఎండాకాలం రోడ్డు పక్కన కుప్పలు పోసే కళింగర పండు బాగా తెలుసు. పుచ్చకాయను మేం అట్లా అంటాం. ఆ కళింగర పండు తెలిసినందువల్లే నేను ఆ తప్పు చేశాను.

మూడో తరగతితో నా చదువు ఆపించారు. అమ్మానాన్నలు కూలికి పోతే ఇల్లు చూడడం, ఎండబోసిన చెనక్కాయల మీదికి కోళ్ళు రాకుండా కాయడం నా పని. మా అవ్వ పొలానికి పోయి మధ్యాహ్నానికి వచ్చేది. పొదుపు మనిషి. అగ్గిపుల్ల గీసేముందు పక్కింట్లో పొయ్యి రాజుకుందేమో చూసి, నిప్పు తెమ్మని నన్ను పంపేది. ఇప్పుడు నన్ను పిసినారి అనేవాళ్ళు మా అవ్వను చూడలేదు.

పక్కింట్లో ఒక టీచరక్క అద్దెకు ఉండేది. చర్చి బడిలో పాఠాలు చెప్పేది. ఆమెది కోనసీమ. కాలువల పక్కన కొబ్బరి తోటలు, ఇంటి పెరట్లోనే పనస, పంపర పనస, అరటి, జామ ఉంటాయని చెప్పేది. నీళ్ళ కోసం పంపు దగ్గర బిందె పెట్టి గంటసేపు నిలబడే మాకు అదంతా కథ చెప్తున్నట్టే ఉండేది. ఆ ఏడు ఆమెకు మూడో నెల. ఏం తిన్నా కడుపులో నిలిచేది కాదు. మా అవ్వ చారు పెట్టి చూసింది, మజ్జిగన్నం పెట్టి చూసింది, గోంగూర పచ్చడి నాలుక్కి రాసి చూసింది. అన్నీ బయటికే వచ్చాయి. చెంపలు లోపలికి పోయి, బడికి గోడ పట్టుకుని నడిచేది.

“మా అమ్మగారింటి పనస తొన ఒక్కటి దొరికితే తింటానేమో అమ్మమ్మగారూ” అని ఒకరోజు మా అవ్వతో అంది. అవ్వ ఊరుకోలేదు. ఉత్తరం రాయమంది. మా రోడ్డున పోయే ఒక లారీ డ్రైవరును పిలిచి మాట్లాడింది. ఆయన బేతంచెర్ల బండలు గోదావరి వైపు తీసుకుపోయి, తిరిగి వచ్చేటప్పుడు కొబ్బరికాయలు నింపుకుని నంద్యాలలో దింపేవాడు. ఇల్లు చాగలమర్రిలో, కాబట్టి ఇంటికి పోతూ మా వీధి చివర ఆగి మంచినీళ్ళు తాగేవాడు. మేం లారీమామ అనేవాళ్ళం.

మూడు వారాలు టీచరక్క ప్రతి లారీ చప్పుడుకూ గుమ్మంలోకి వచ్చింది. తీరా కాయ వచ్చిన రోజు ఆమె బడిలో ఉంది. లారీమామ గోనెసంచిలో కట్టిన కాయను చంటిబిడ్డను మోసినట్టు మోసుకొచ్చి మా అరుగు మీద పెట్టాడు.

“పాపా, టీచరమ్మకు ఇయ్యి. ముట్టద్దు, ఇంగా పండలే. నాలుగు దినాలు పోవాల” అని చెప్పి, బాడిగ మాట కూడా ఎత్తకుండా పోయాడు.

నేను గోనె విప్పాను. మొసలి చర్మంలాగా ఉంది కాయ. పండలేదని ఆయనకెట్లా తెలుసు? కళింగర పండు కొనేటప్పుడు మా వాళ్ళు ఎవరూ మాట నమ్మరు. అమ్మేవాడు మూడు మూలలుగా గాటు పెట్టి, ముక్కను కత్తి మొనతో బయటికి లాగి చూపించాలి. ఎర్రగా ఉంటే బేరం, లేకపోతే లేదు. ముక్క మళ్ళీ లోపల పెడితే ఏమీ జరగనట్టే ఉంటుంది. నేనూ అదే చేశాను. అవ్వ గడ్డి కోసే కొడవలి తెచ్చి మూడు గాట్లు పెట్టాను.

ఎరుపు లేదు, పసుపు లేదు. పాలు కారాయి. తెల్లటి చిక్కటి పాలు. ముక్క సగం వచ్చి విరిగింది. కొడవలి అతుక్కుంది, దాన్ని వదిలించబోతే వేళ్ళు అతుక్కున్నాయి. ముక్కను లోపలికి నొక్కితే పోలేదు. గాటు ఉన్న వైపు కిందికి తిప్పి గోనె కప్పేశాను. కొడవలిని కట్టెల మోపులో దాచాను. తర్వాత చేతులు. నీళ్ళతో కడిగాను, బూడిదతో తోమాను, ఇసుక పెట్టి రుద్దాను. పెట్టిందల్లా జిగురుకు పట్టుకుని చేతులు నల్లబడ్డాయి. వేళ్ళు ఒకదానికొకటి అంటుకుపోయాయి.

టీచరక్క వచ్చేసరికి చేతులు పావడ కుచ్చిళ్ళలో పెట్టుకుని కూర్చున్నాను. ఆమె గోనె చూసి చెప్పులు కూడా విడవకుండా అరుగెక్కింది. కాయ మీద చెంప ఆనించి వాసన చూసింది. రెండు చేతులా ఎత్తి ఒళ్ళో పెట్టుకోబోతే విరిగిన ముక్క కింద పడింది. అప్పుడే అవ్వ కూడా పొలం నుంచి వచ్చింది.

“ఎవురు చేసినారు ఈ పని?” అంది అవ్వ.

“లారీమామ తెచ్చినప్పుడే అట్ల ఉండె” అన్నాను. ఆ మాట ఎంత సులభంగా వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

“అనుకుంటానే ఉండా. దావలో ఆకలైంటాది, కోసి చూసింటాడు. మళ్ళా రానీ, మన వాకిట్లో చెంబు నీళ్ళు కూడా పుట్టవు” అంది అవ్వ.

టీచరక్క కాయను తన వైపు తిప్పుకుంది. గాటులోకి చూసింది. గాలి తగిలిన కాయ ఇక పండదనీ, అక్కడి నుంచి కుళ్ళు పట్టుకుంటుందనీ చెప్పింది. “పర్లేదండి, కూర చేసుకుందాం. కొంచెం నూనె ఇప్పిస్తారా, చేతులకి రాసుకోవాలి” అంది.

“తలకే లేదని ఏడుస్తాంటే చేతులకు నూనె ఏంది తల్లీ” అంటూనే అవ్వ చిన్న గిన్నెలో అడుగున కాస్త పోసి తెచ్చింది. టీచరక్క మళ్ళీ, “మీ కత్తిపీట కూడా కావాలి అమ్మమ్మగారూ” అంది. అవ్వ లోపలికి పోయింది.

మేమిద్దరమే మిగిలాం. “చేతులు చాపు” అంది నాతో. నేను కదల్లేదు. ఆమే నా చేతులు కుచ్చిళ్ళలోంచి బయటికి తీసింది. చూసింది. గిన్నెలో ఉన్న నూనెలో ముప్పాతిక వంతు నా అరచేతుల్లో పోసి, ఒక్కొక్క వేలూ పట్టుకుని బొటనవేలితో రాసింది. గంట తోమినా వదలని జిగురు నల్లటి ఉండలై చుట్టుకుని వచ్చేసింది.

“దీన్ని నీళ్ళతో తోమకూడదమ్మా. తోమేకొద్దీ పట్టుకుంటది” అంది. అవ్వ కత్తిపీటతో వచ్చేసరికి నా చేతులు శుభ్రంగా ఉన్నాయి. గిన్నెలో మిగిలిన చుక్కలు తన చేతులకు రాసుకుని ఆమె కాయ కోసింది. ఆ నూనె ఆమెకు చాలలేదు. సాయంత్రం దాకా వేళ్ళు అంటుకుంటూనే ఉన్నాయి.

ఆమె ఇంట్లోనూ కత్తిపీట ఉండేదని నాకు చాలా ఏళ్ళ తర్వాత గుర్తొచ్చింది.

పచ్చి తొనలు ఆవ పెట్టి కూర చేసింది. తొక్కలు మా ఎనుముకు వేసింది. గింజలు ఎండబెట్టింది. కూర ఒక పూట నిలిచింది, రెండో పూట నిలవలేదు. ఒక్క తొన మాత్రం పండుతుందేమోనని బియ్యం కుండలో దాచుకుంది. మూడో రోజు తీసి చూస్తే నల్లబడి మెత్తబడింది. దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు నిలబడి, గోడ అవతలికి విసిరింది. నేను చెనక్కాయల దగ్గర కూర్చుని చూశాను. అవ్వ కొట్టిన దెబ్బలన్నీ కలిపినా నాకు అంత నొప్పి పెట్టలేదు.

ఎనిమిదో రోజు లారీ వచ్చి ఆగింది. ఈ ఎనిమిది రోజులూ టీచరక్క అవ్వకు చెప్తుందని ఎదురుచూశాను. చెప్పలేదు. లారీమామ చెమట తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చాడు.

“పాపా, కాయ పండిందా? టీచరమ్మ తినిందా?”

అవ్వ చీపురు పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “తినేదానికి నువ్వు మిగిలిస్తే గదప్పా. కడుపుతో ఉండేదాని పండుకు గాటు పెట్టేదానికి నీకు చెయ్యెట్ల వచ్చె?”

ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం చిన్నబోయింది. “నేనా? అల్లా తోడు పెద్దమ్మా, గోనె ముడి గూడా ఇప్పలే. ఒళ్ళో బిడ్డ మాదిరి తెచ్చినా” అన్నాడు. చెంబు కోసం చాపిన చేయి వెనక్కి తీసుకున్నాడు.

వెళ్ళిపోతున్నాడు. ఆ రోజు పోతే మళ్ళీ మా వీధిలో ఆగడని నాకు తెలుసు.

“అవ్వా, నేనే కోసినా. కళింగర పండుకు కోసినట్ల కోసినా” అన్నాను.

అవ్వ మొదట అడిగిన మాట, “కొడవలి యాడ?” ఎనిమిది రోజులుగా దాని కోసం వెతుకుతోంది. తర్వాత చీపురు తిప్పి రెండు వేసింది. మూడోది లారీమామ పట్టుకున్నాడు. “ఇడువు పెద్దమ్మా. ఏం పాపా, ఈసారి టెంకాయ తెస్తే దానికీ గాటు పెట్టి చూస్తావా ఏంది?” అని నవ్వాడు. మా అవ్వ తప్పయిందని నోటితో అనే మనిషి కాదు. లోపలికి పోయి పెద్ద చెంబు నిండా మజ్జిగ తెచ్చింది. మా ఇంట్లో మజ్జిగలో సగం నీళ్ళే ఉండేవి. ఆ రోజు లేవు.

మధ్యాహ్నం టీచరక్కకు నేనే చెప్పాను, లారీమామతో చెప్పేశానని. “అవునా” అంది. “రా, గింజలు కాల్చుకుందాం” అంది. నిప్పుల్లో కాల్చిన పనస గింజలు ఉప్పు అద్దుకుని ఇద్దరం తిన్నాం. అవి నిలిచాయి. అప్పటి నుంచి నెల తిరిగేదాకా లారీమామ తెచ్చిన గింజలతోనే ఆమె నెట్టుకొచ్చింది. నూనె కూడా అక్కర్లేని తిండి అని మా అవ్వ మెచ్చుకుంది. పండు కాలం మాత్రం అయిపోయింది. ఆ ఏడు ఆమె పనస తొన తినలేదు. బిడ్డ పుట్టాక బదిలీ అయి వాళ్ళ ఊరి వైపు వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఎండాకాలం వస్తే నంద్యాల రోడ్డు మీద పనస తొనలు ఒలిచి డబ్బాల్లో పెట్టి అమ్ముతున్నారు. నేను అవి కొననివ్వను, కాయ తెప్పించి ఇంట్లోనే కోస్తాను. అది చవక, గింజలూ దక్కుతాయి. మనవళ్ళు, మనవరాళ్ళు నాకు భయపడతారు. పడనీ. తప్పు చేస్తే ఒప్పుకునేదాకా నేను వదిలేదాన్ని కాదు. కానీ అడిగేముందు ఇంట్లో వాళ్ళను ఏదో ఒక పని చెప్పి లోపలికి పంపిస్తాను. మా కోడలికి ఇది విచిత్రంగా ఉంటుంది. నేను చెప్పలేదు.

తాలింపుకు నూనె గరిటెతో కొలిచి పోసేదాన్ని నేను. పనస కోసే రోజు మాత్రం గిన్నె నిండా పోస్తాను. ముందు పిల్లల చేతులకు రాస్తాను, తర్వాతే నా చేతులకు.