వీర్రాజు మేస్త్రి గారి పిన్ను

మొన్న ఆదివారం ఉదయం రావులపాలెం వంతెన దాటుతుండగా సెల్‌ఫోను మోగింది. "నాన్నగారు పోయారండీ" అంది మేస్త్రి గారి అమ్మాయి. లారీని పక్కకు తీసి ఆపేశాను. రాజమండ్రి మెకానిక్ షెడ్లకు పెద్దదిక్కు, నాకు గురుతుల్యులు, 'గేర్‌బాక్సు' వీర్రాజు గారు అస్తమించారంటే మనసొప్పడం లేదు. ఏం తొందరొచ్చిందండీ మీకు? మీతో చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గర మిగిలిపోయింది కదా!

వారు మితభాషి, నిరాడంబరులు. నడుస్తున్న గేర్‌బాక్సు మీద పొడుగాటి స్క్రూడ్రైవరు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవారు. లోపల ఏ పన్ను అరిగిందో, ఏ బేరింగు పోయిందో చెప్పేసేవారు. "ఇది నాదోపాసన మేస్త్రిగారూ!" అని నేను పొగిడితే, "మీ గ్రాంథికం బండికి అర్థం కాదండి సూర్రావుగారూ, ముందు క్లచ్చి మీంచి కాలు తీయండి" అనేవారు. లోడింగు దగ్గర పుస్తకాలు చదివే డ్రైవరునని షెడ్డంతా నన్ను వెక్కిరించేది. వారొక్కరే చదివింది చెప్పించుకుని వినేవారు.

వారికొక కఠోర నియమం ఉండేది. తాను విప్పి బిగించిన బండి మొదటిసారి బరువుతో కదిలేటప్పుడు, పని చెడితే ఆ బరువు ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడే నిలబడేవారు. ఎందుకండీ ఈ సాహసం అని అడిగాను. "నేను నిలబడలేని చోట ఇంకోణ్ణి ఎలా నిలబెడతానండీ?" అన్నారు.

తొంభైలనాటి మాట. కోటిపల్లి దిగువన లాంచీలు నడిపే ఒకాయన దగ్గర కొత్తగా చేరాను. మిలటరీ వేలంలో కొన్న ట్రక్కు ఆయనది. చక్రాలన్నీ ఇంజను బలంతోనే తిరుగుతాయి. మరమ్మతుకు వచ్చిన ఇనప లాంచీలను ఏటిగట్టు మీదకు లాగడం, తిరిగి ఏట్లోకి దింపడం దాని పని. అయితే ఎంత చిన్న గేరులో వేసినా ఆ పనికి దాని వేగం ఎక్కువే. ముందు, వెనక ఇరుసులకు బలాన్ని పంచే రెండో పెట్టె ఒకటి గేర్‌బాక్సు వెనకాల ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసంటారు. దానికి వేరే పొట్టి లివరు. వీర్రాజు గారు ఆ పెట్టె విప్పి లోపలి పళ్లచక్రాలు మార్చారు. బిగించాక దాని మోత నచ్చక మూడుసార్లు మళ్లీ విప్పారు. ఆఖరికి లివరు 'లో' గేరులో, అంటే తక్కువ వేగంలో, వేస్తే ట్రక్కు మనిషి నడకలో సగం వేగంతో పాకింది.

"వాలులో బరువు వెనక్కి లాగితే లివరు ఊడి, ఏ గేరూ పట్టని న్యూట్రల్లోకి దూకుతుందండి" అని హెచ్చరించి, దాన్ని కదలనివ్వకుండా ఒక ఇనప పిన్ను చేశారు. బండి దిగి, చక్రం కింద రాయి పెట్టి, బయటినుంచి దాని బెజ్జంలో గుచ్చాలి. కావాలనే అలా పెట్టారు, బండి ఆగకుండా ఎవడూ దాన్ని ముట్టుకోకూడదని. ఆ చాదస్తాన్ని నేను తిట్టుకోని రోజు లేదు.

లాంచీ దింపే రోజు వచ్చింది. ఆ సాయంత్రమే ఒక పెళ్లివారిని అవతలి ఒడ్డుకు దాటించాలని యజమాని ఒకటే కంగారు. "ఇంకా ఎంతసేపయ్యా!" అని నా నెత్తిన కూర్చున్నారు. దిగడం దేనికిలే అనుకుని లివరు 'లో' గేరులోకి తోశాను. పిన్ను చొక్కా జేబులోనే ఉండిపోయింది.

ట్రక్కుకు ఇనప తాడుతో కట్టిన లాంచీ దుంగల మీద దొర్లుతోంది. దాన్ని ఆపుతూ నేను రివర్సులో దిగుతున్నాను. కింద నీళ్లలో పదిమంది దుంగలు వేస్తున్నారు. వాళ్ల మధ్య, లాంచీ జారితే సరిగ్గా మీదికొచ్చే చోట, నడుములోతులో వీర్రాజు గారు. సగం వాలు దిగేసరికి లివరు నా మోకాలికి కొట్టుకుంది. చూద్దును కదా, వణుకుతూ వెనక్కి జరుగుతోంది! ఎడమచేత్తో ఒడిసిపట్టాను. నా బలమంతా పెట్టినా అది నన్ను నెడుతోంది. బ్రేకు తొక్కితే తడిమట్టిలో చక్రాలు జారాయి. వదిలి దిగడానికి లేదు, కేకేస్తే ఇంజను మోతలో వినబడదు. ఓరి భగవంతుడా, పదిమందిని చంపేస్తున్నానే అనుకున్నాను.

అద్దంలో వారు తలెత్తడం కనబడింది. మోత మారడం విన్నారు. గాభరా లేకుండా చెయ్యి ఊపి ఒక్కొక్కరినీ పక్కలకు పంపేశారు. తాను మాత్రం కదల్లేదు. ఆఖరి దుంగలు ఎవరో ఒకరు వేయాలి కదా, అవి తానే వేశారు. లాంచీ నీళ్లలో తేలేదాకా నేను వారినే చూస్తూ లివరును పట్టుకున్నాను. ఆ తరవాత నా వేళ్లు విప్పుకోవడానికి కుడిచెయ్యి సాయం కావలసి వచ్చింది.

తడిబట్టలతో పైకొచ్చి, ఖాళీగా ఉన్న బెజ్జంలో వేలు పెట్టి చూశారు. "పిన్నేదండీ సూర్రావుగారూ?"

"పడిపోయిందండి" అన్నాను.

నా జేబు వైపు ఒకసారి చూశారు. ఈలోగా యజమాని ఊగిపోతూ వచ్చి, "ఎవడి నిర్వాకమిది? ఇప్పుడే పంపించేస్తాను!" అని అరిచారు.

"నాదేనండి. పిన్ను పెట్టడం మర్చిపోయాను" అన్నారు వీర్రాజు గారు.

నా ఉద్యోగం నిలిచింది. ఆ లాంచీలాయన పని వారికి మళ్లీ ఇవ్వలేదు సరికదా, తప్పు వారిదేనని ఊరూరా చెప్పారు. "పిన్ను పెట్టారా మేస్త్రిగారూ?" అని నిన్నగాక మొన్న పనిలో చేరినవాళ్లు కూడా నవ్వేవారు. వారు తల వంచుకుని పని చేసుకునేవారు. నేను పక్కనే నిలబడి వినేవాణ్ణి. సిగ్గు లేదా నాకు? ఉంది, అందుకే నోరు పెగల్లేదు. నన్ను మాత్రం వారు ఏనాడూ ఒక్క మాట అనలేదు. బండి తీస్తుంటే "దిగి చూసుకున్నారాండి?" అని అడిగేవారు, అంతే.

సోమవారం దింపుడుకళ్లం దగ్గర పాడె దించారు. చివరి ఆశగా అల్లుడు చెవిలో మూడుసార్లు పిలిచి, "మీరూ పిలవండి, మీ మాటంటే మావయ్యగారికి ఇష్టం" అన్నాడు. వంగాను. పేరు పెట్టి పిలవలేకపోయాను. "పిన్ను పడిపోలేదండి. నా జేబులోనే ఉంది" అన్నాను.

వారు లేవలేదు. అలాంటి చెవి, అలాంటి చెయ్యి ఈ గోదావరి తీరాన మళ్లీ పుట్టవు. వారి పాదాలకు నమస్కరించి ఈ నాలుగు మాటలూ అచ్చుకిస్తున్నాను. రాజమండ్రిలో గానీ, రామచంద్రపురంలో గానీ, వీర్రాజు పిన్ను మర్చిపోయాడని ఎవరైనా అంటే, కాదని చెప్పండి. పెట్టనిది సూర్యారావని చెప్పండి.