కొవ్వొత్తి సీలు

పుస్తకం కొనేది చదవడానికి కదా అంటుంది మా ఆవిడ. అందరి పుస్తకాలకూ అది నిజమే గానీ నా పుస్తకాలకు కాదు. నావి విప్పితే విలువ పోయేవి. ఒకప్పుడు అమ్ముడుపోని బొమ్మల కథల పుస్తకాలను మూడేసి చొప్పున ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మూతి అంటించి, తక్కువ ధరకు వదిలించుకునేవారు. ముందువైపు ఒక అట్ట, వెనకవైపు ఒక అట్ట కనిపిస్తాయి. మధ్యలో ఏముందో విప్పినవాడికే తెలుస్తుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా సీలు ఊడని కట్ట ఎక్కడో గానీ దొరకదు. దొరికితే నాకు పండగే.

"మద్దిలో ఏటుందో తెల్కుండా మీకు నిద్దరెలాగ పడతాదండీ?" అని మా ఆవిడే అడిగింది ఒకసారి.

"బేషుగ్గా పడతాది," అన్నాను. పచ్చి అబద్ధం.

నేను బరంపురంలో కరెంటాఫీసు గుమాస్తాని. ఇల్లు ఆ ఊళ్లోనే, అంకులిలో. ఆదివారం వస్తే స్టేషను దగ్గర పాత పుస్తకాలవాళ్ల గోనెసంచుల్లో తల దూర్చేస్తాను. గోపాలపూర్‌లో ఒక పాత లాడ్జి మూసేస్తున్నారని తెలిసి, ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వెళ్లి అక్కడి అలమరలోంచి రెండు కట్టలు పట్టుకొచ్చాను. సముద్రపు గాలికి లోపల పిన్నులు తుప్పుపట్టి, అట్టమీది రాకుమారుడి ముక్కు మీదికి ఎర్రటి చార దిగింది. అయినా సీలు గట్టిగా ఉంది, నాకంతే చాలు. ఫోన్లో మాకో గుంపు కూడా ఉంది, వేరువేరు ఊళ్ల పిచ్చివాళ్లందరం. ఎవరికి కట్ట దొరికినా ఫొటో పెడతారు, మిగతావాళ్లం మెచ్చుకుంటూ లోపల కుళ్లుకుంటాం.

ఈ పిచ్చి అంటుకున్నది మా నాన్న కొట్లో. పాత బస్టాండు దగ్గర ఆయనకు చిన్న కొట్టు ఉండేది. ఒకవైపు తెలుగు పేపర్లు, వారపత్రికలు, నోటు పుస్తకాలు. ఇంకోవైపు మా అమ్మ చేసిన అప్పడాలు, వడియాలు. బొమ్మల పుస్తకాల పార్సిలు పొద్దుటి రైల్లో వచ్చి ముందు మా ఇంట్లోనే దిగేది. మర్నాడు పొద్దున్న నాన్న దాన్ని కొట్టుకు మోసుకుపోయేవాడు. ఆ ఒక్కరోజూ నేను కట్టల చుట్టూ పిల్లిలా తిరిగేవాణ్ణి.

"సెయ్యెట్టకు. ఇప్పిన సరుకు కొత్తదని సెప్పి అమ్మితే మోసం. మన కొట్లో మోసం లేదు," అనేవాడు నాన్న.

ఆ మాట మీద ఆయన ఎంత గట్టివాడంటే, మూల నలిగిన వారపత్రికను కూడా నలిగిందని చెప్పే అమ్మేవాడు. నిజానికి ఆ కట్టలు కొనేవాళ్లు తక్కువ. బరంపురంలో తెలుగు మాట్లాడే పిల్లలకి కొదవ లేదు గానీ, చాలామంది చదివేది ఒడియా బళ్లలో. అయినా పార్సిళ్లు ఆగలేదు. నా కోసమే తెప్పిస్తున్నాడేమో అనుకునేవాణ్ణి. మరి నా కోసమైతే విప్పనివ్వడేం అని ఉడుక్కునేవాణ్ణి.

అమ్మ కూడా ఒడియా బడిలోనే చదువుకుంది. ఇంట్లో మాట తెలుగు, రాత ఒడియా. తెలుగు అక్షరాలు ఆవిడకు రావని ఇంటిల్లిపాదికీ తెలుసు. అందుకే నాన్న మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు, చెయ్యి కడుక్కుని అరుగు మీద కూర్చుని, తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి దాకా పైకి చదివి వినిపించేవాడు. ఆయన గొంతులో ఉల్లిపాయల ధర కూడా హరికథలా ఉండేది. అమ్మ అప్పడాలు ఒత్తుకుంటూ ఊ కొట్టేది. నాన్న పోయాక ఆ పని నాకు వచ్చింది. పెళ్లి కార్డు వచ్చినా, గుడి వాళ్ల కరపత్రం వచ్చినా నా చేతికే ఇస్తుంది. పొద్దున్న పేపరూ నేనే చదువుతాను, నాన్నలా కాకపోయినా.

ఈ మధ్య, నాన్న పోయాక మేం వదిలేసిన ఆ కొట్టు ఉన్న వరసంతా పడగొడుతున్నామని స్థలం ఆసామి కబురు పెట్టాడు. మా కొట్టు అటక మీద మా నాన్న పేరున్న ట్రంకు పెట్టె ఉందట, వచ్చి తీసుకుపొమ్మన్నాడు. వెళ్లి తుప్పుపట్టిన తాళం బద్దలుకొట్టి మూత ఎత్తాను. లోపల నిండా కట్టలే! సీలు ఊడనివి, ఎండ తగలనివి, రంగు వెలవనివి. పెట్టెను ఆటోలో పెట్టి, దారి పొడుగునా దాని మీద చెయ్యి వేసుకు కూర్చున్నాను.

ఇంటికి రాగానే ఫొటోలు తీసి, ఒక పాత కొట్లో దొరికాయని గుంపులో పెట్టాను. కుళ్లుకోండ్రా అనుకున్నాను.

సాయంత్రానికి ఒక పెద్దమనిషి జవాబు రాశాడు. ఈ సీళ్లు కంపెనీవి కావట. మిషను సీలైతే గీత గీసినట్టు తిన్నగా ఉంటుందట, ఇది వంకరటింకరగా ఉంది కాబట్టి కొవ్వొత్తి మంటతో వేసిందట. ఎవరో విప్పి, మళ్లీ మూశారు. ఆ కొట్టువాడు పాత సరుకును జనానికి కొత్తదని అంటగట్టే రకమై ఉంటాడని కింద ఇంకో మాట కూడా చేర్చాడు. దానికి నలుగురు నవ్వు బొమ్మలు తగిలించారు.

నాకు ఒళ్లు మండిపోయింది. కట్టలకు విలువ లేకపోతే లేకపోనీ, చెత్తబుట్టలో పడేస్తాను. కానీ మా నాన్నను మోసగాడంటాడా? నలిగిన పేపరును నలిగిందని చెప్పి అమ్మిన మనిషిని? నాలుగు తిట్లు రాశాను, చెరిపేశాను, మళ్లీ రాశాను. పంపేముందు ఒక కట్టను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో చూశాను. వాడు చెప్పింది నిజమే. సీలు అలలు అలలుగా ఉంది. ఒక మూల రెండుసార్లు మడతపెట్టి అంటించి ఉంది.

ఆ మడతను నేను రోజూ చూస్తున్నాను. వంటింట్లో, అప్పడాల పొట్లం మీద.

అమ్మ ఇప్పటికీ ఇంటి వరకు అప్పడాలు చేస్తుంది. కవరు మూతిని ఇనుము కోసే ఆక్సా బ్లేడు మీదుగా మడిచి, అంచు వెంట కొవ్వొత్తి మంట పోనిచ్చి అంటిస్తుంది. మూల దగ్గర చీమ దూరుతుందని అక్కడ రెండు మడతలు వేస్తుంది. ఆ రెండో మడత నేను ఇంకెవరి దగ్గరా చూడలేదు. కట్ట పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను.

"ఈ సీలు నువ్వేసిందేటి?"

అమ్మ కట్టను తిప్పి, మూలను వేలితో తడిమింది. "నాదే."

"ఏల ఇప్పినావు?"

"సదూకోడానికి."

"నీకు తెలుగు సదవడం రాదు కదమ్మా!"

"అప్పుడు రాదు," అంది. "అప్పడాలెండబెట్టి కాకుల్ని తోలుకుంటూ పొద్దల్లా మేడ మీద కూకోవాల. సేతికి పనేటుంది? పార్సిల్లోంచి ఒక కట్ట అట్టుకెల్లీదాన్ని. బొమ్మ సూస్తే ఆడేటంటన్నాడో తెలుస్తాది. మాట తెలిస్తే అచ్చరం తెలుస్తాది. అలాగలాగ వొచ్చీసింది. సాయంత్రం అప్పడాల పొట్లాల్తోటి దీనికీ సీలేసి, మల్లీ పార్సిల్లో కలిపీసీదాన్ని."

ఇన్నేళ్లూ నేను ఎవరికి పెళ్లి కార్డులు చదువుతున్నట్టు?

"మరి నాన్నకి సెప్పలేదేటి?"

అమ్మ పీట మీది పిండిని తుడిచింది. "సెప్తే పేపరు నా సేతిలో పడేసి ఆయన పడుకుంటాడు కదరా. ఆయన సదివితే ఇనడం నాకిష్టం."

నేను అక్కడితో ఊరుకోవలసింది. కానీ గుంపులో వాడి మాట నెత్తికెక్కి ఉంది. "బాగుంది! నీ మూలంగా ఆయన తెల్కుండానే ఇప్పిన సరుకు కొత్తదని అమ్మినాడు. నలుగురూ ఆయన్ని మోసగాడంటన్నారు," అన్నాను.

అమ్మ ముఖం చిన్నబోయింది. తర్వాత ఏదో తట్టినట్టు కట్టను మళ్లీ తిప్పింది. "అమ్మితే మరి ఇది ఇక్కడికెలాగొచ్చింది?"

"నాన్న పెట్టిలోది. అటక మీద దాసినాడు."

"పెట్టి అట్రా."

ట్రంకు పెట్టె తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఒక్కొక్క కట్టే తీసి, అట్ట వైపు చూడకుండా మూల మాత్రమే చూసి పక్కన పెట్టసాగింది. "ఇది నాదే. ఇదీ నాదే. ఇదీని." నేను కూడా కూర్చుని చూశాను. పెట్టెలో మిషను సీలు కట్ట ఒక్కటి లేదు. అన్నింటికీ రెండు మడతల మూలే.

అప్పుడు నాకు అర్థమైంది. పక్కనే అప్పడాల పొట్లాలు పెట్టుకుని అమ్మే మనిషి ఆ మూలను గుర్తుపట్టడా? కొట్లో సరుకు సర్దేటప్పుడు అమ్మ ముట్టిన కట్టను తీసి పెట్టెలో దాచేవాడు. విప్పిన సరుకు అమ్మలేడు, విప్పావేమని అడగలేడు. అడిగితే ఆవిడ చదవడం మానేస్తుంది. అమ్ముడుపోకపోయినా పార్సిళ్లు ఎందుకు ఆగలేదో కూడా అప్పుడే తెలిసింది. అవి నా కోసం కావు.

ఇదంతా నేను పైకి అనలేదు. అనవలసిన పని కూడా లేకపోయింది. అమ్మ చివరి కట్ట ఒళ్లో పెట్టుకుని, దాని మూలను మళ్లీ వేలితో తడిమింది.

"అయితే ఆయనకి తెలుసేటి?" అంది.

నేను తలూపాను.

"ఓలమ్మో! తెలిసీ రోజూ సదివీవోడా!" నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు నవ్వుగానే ఉండి కళ్లలోంచి నీళ్లు దిగాయి. నాకూ ఆగలేదు. మా ఆవిడ వచ్చి, తల్లీకొడుకుల్ని చూసి, ఏమీ అడక్కుండా స్టవ్ మీద టీ పెట్టింది.

టీ తాగాక అమ్మ ఒక కట్టను ఎత్తి చూపించింది. "దీని మద్దిలో మొసలి కత. అది బాగుంటాది. బొత్తిగా అమ్ముడవనివి మద్దిలో ఎట్టీవోరు గాని నాకయ్యే నచ్చీవి." అలా ఒక్కో కట్ట చేతిలోకి తీసుకుని, విప్పకుండానే మధ్య పుస్తకంలోని కథ చెప్పుకొచ్చింది. కొన్ని మరిచిపోయానంది. మరిచిపోయినవాటిని విప్పుదామా అన్నాను. "ఒద్దు, అలాగుండనీ," అంది.

గుంపులో పెద్దమనిషికి తిట్లు పంపలేదు. సీళ్లు మా అమ్మవని, వీటిలో ఒక్కటి కూడా ఆ కొట్టువాడు ఎవరికీ అమ్మలేదని రాసి వదిలేశాను.

మర్నాడు పొద్దున్న పేపరు వచ్చింది. ఏం చెయ్యాలో తోచక దాన్ని అమ్మ ముందుకు చాపాను. ఆవిడ చెయ్యి చాపలేదు. పిండి కలుపుతూనే ఉంది.

"అద్దాలెక్కడో ఎట్టీసినాను. నువ్వే సదువు," అంది.

అద్దాలు ఆవిడ ముక్కు మీదే ఉన్నాయి. నేను గొంతు సవరించుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను.